ముప్పై లెక్కపెట్టేలోగా

మునక 1
లోతు: 32 మీటర్లు. నిమిషాలు: 4. మాటలు: 9.

ప్రతి మునకకీ ఈ పుస్తకంలో ఒక పుట రాయాలట. లోతు, నిమిషాలు, మాటలు అని మూడు గళ్లు గీసి ఇచ్చారు. మొదటి రెండూ నాకు నచ్చాయి. మూడోది చూస్తేనే పుస్తకం మూసేయాలనిపిస్తోంది. కింద మిగిలిన చోట ఏం జరిగిందో రాయమన్నారు. రాయడం నాకు బాగానే వచ్చు. రాసేటప్పుడు ఎదురుగా ఎవరూ ఉండరు కదా.

మా బడి నడిసముద్రంలో, ఒక పాత చమురు బావి ఇనుప మేడ మీద ఉంది. పైనీరు వేడెక్కిపోయాక ఆల్చిప్పలు లోతుకు దిగిపోయాయి, వాటి వెనకే మనుషులూ దిగారు. బావి ఇనుప కాళ్లకు ముప్పై మీటర్ల కింద బుట్టలు కట్టి వాటిలో పెంచుతారు. ఆ బుట్టలకు పట్టిన పాచి గీకడం, చచ్చినవి ఏరేయడం, బతికినవాటిని సర్దడం మా చదువు. నడుముకు తాడు, ముఖానికి ముసుగు, ముసుగులో మైకు పెట్టుకుని ఇద్దరిద్దరుగా దిగుతాం.

చిక్కల్లా ఆ లోతులో పీల్చే గాలితోనే. అది తలకెక్కుతుంది. లోతు మత్తు అంటారు. ఎక్కినవాడికి ఎక్కిందని తెలియదు. ముసుగు తీసి చేపకిచ్చి, నువ్వూ కాస్త పీల్చు అంటాడు. అందుకని కింద ఉన్నంతసేపూ జతగాళ్లిద్దరూ మాట్లాడుకుంటూనే ఉండాలి. పైన తాళ్లు చూసుకునే అప్పలకొండ మేస్త్రి వింటూ ఉంటాడు. ఒకరు మాట ఆపాక ముప్పై లెక్కపెట్టేలోగా రెండోవారి గొంతు వినపడకపోతే ఇద్దర్నీ పైకి లాగేస్తాడు.

నేను "ఆ", "సరే" లాంటివన్నీ కలిపి తొమ్మిది మాటలన్నాను. తర్వాత చెప్పాల్సింది ఏమీ కనిపించలేదు. నాలుగో నిమిషంలో బయట ఉన్నాం.

"ఏటే గుంటా, నోట్లో వక్క పెట్టుకుని దిగినావేటి?" అన్నాడు మేస్త్రి.

"చెప్పాల్సింది ఏమీ లేదండి. బుట్ట శుభ్రంగానే ఉంది."

"సెప్పాల్సింది ఉంటే మాటాడ్డం ఎవుడికైనా వస్తాది. ఏటీ లేనప్పుడు మాటాడాల. ఈ బళ్లో పనంటే అదే."

నా జత పేరు నూకరత్నం. మా ఎత్తూ బరువూ సరిపోయాయని ఇద్దర్నీ కలిపి కట్టారు. నోళ్లు ఎవరూ చూడలేదు.

మునక 2
లోతు: 31 మీటర్లు. నిమిషాలు: 6. మాటలు: 212, అన్నీ కొట్టివేత.

ఉపాయం దొరికిందనుకున్నాను. దిగిన దగ్గర్నుంచి పదిహేడో ఎక్కం అప్పజెప్పాను. అది అయ్యాక పద్దెనిమిది, పంతొమ్మిది. మేస్త్రి కాసేపు ఓపిక పట్టి లాగేశాడు.

"మత్తెక్కినోడు ఎక్కాలు తప్పు లేకుండా సెప్తాడు. పద్యాలైతే రాగం తీసి మరీ పాడతాడు. ఇయ్యాల కూరేటి అని అడిగితే మాత్రం సెప్పలేడు. నాకు అప్పుడే పుట్టిన మాట కావాల."

ఈ వినే పనికి నిరుడు యంత్రం పెట్టారట. అది నూకరత్నం ఆగని వాగుడు మూడు నిమిషాలు విని మత్తని తేల్చి కూత పెట్టిందట. ఒక్కరోజులో నాలుగుసార్లు అలాగే అయ్యేసరికి దాన్ని ఊడదీసి ఒడ్డుకు పంపేశారు. మా తరగతిలో తాళ్లు చుట్టే ఎల్లాజీ ఈ కథ చెబితే అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, వాళ్లు ఆపేశాక నవ్వాను. అప్పుడు అందరూ నా వంక చూశారు.

తప్పు పూర్తిగా నాది కాదు. నేను పుట్టి పెరిగింది పడవలను హెచ్చరించే సంకేతాల తెప్ప మీద. ఇక్కణ్ణుంచి పడవలో పధ్నాలుగు గంటలు. అక్కడ నాన్న, నేను, చుట్టూ నీళ్లు. నాన్న నెలకు ఒకటో రెండో మాటలంటాడు. పాఠాలు యంత్రం చెప్పేది. అది ప్రశ్న వేస్తుంది, సరైన జవాబు చెబితే పచ్చదీపం వెలుగుతుంది. జవాబు ఏదైనా పరవాలేదనే ప్రశ్న నన్ను పదిహేడేళ్లలో ఒక్కరూ అడగలేదు.

మునక 5
లోతు: 32 మీటర్లు. నిమిషాలు: 7. మాటలు: 31.

ఈ రోజు అసలు సంగతి నీళ్లలో జరగలేదు, భోజనాల దగ్గర జరిగింది.

కంచం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఎల్లాజీ తన కంచంతో వచ్చి నిలబడ్డాడు.

"తింతన్నావేటి?"

"తింటున్నాను."

ఇంకా కదల్లేదు. "ఏం కూర?"

"ఇద్దరం ఒకే గంగాళంలోంచి వడ్డించుకున్నాం కదా. బీరకాయ."

అతను తల గోక్కుని వేరే బల్లకు వెళ్లిపోయాడు. ఎదురుగా ఉన్న నూకరత్నానికి నవ్వుతో పొలమారింది.

"ఓలమ్మో! ఆడికి కూర తెలక అడిగాడనుకున్నావేటే? కూకోమంటావేమోనని అడిగాడు."

"అయితే కూర్చోవచ్చా అని అడగొచ్చుగా?"

"అలగెవులైనా అడుగుతారా!" అంది, నేనేదో బూతు మాట అన్నట్టు.

ఆలోచిస్తే దిగులేసింది. ఈ అయిదు రోజుల్లో "తిన్నావా", "ఎక్కడికి", "నిద్ర పట్టిందా" అని కనీసం ఇరవైమంది నన్ను పలకరించి ఉంటారు. నేను అందరికీ సరైన జవాబు చెప్పి పంపించేశాను.

ఇంకో సంగతి కూడా ఈ రోజే తెలిసింది. పధ్నాలుగో మునక పరీక్ష. నలభై నిమిషాలు కిందే ఉండాలి. జతలో ఎవరి వల్ల తప్పినా ఇద్దరూ తప్పినట్టే. నాకు ఇది మొదటిసారి కాబట్టి వచ్చే ఏడాది మళ్లీ దిగొచ్చు. నూకరత్నం నిరుడు ఇరవై రెండో నిమిషంలో తప్పింది, కింద ఉండగానే అప్పటి జత చెవి పగిలి. మూడోసారి ఈ బళ్లోకి ఎవరినీ రానివ్వరు. ఈ మాట ఆమె నాతో అనలేదు. ఎల్లాజీ చెప్పాడు.

నా మూగతనానికి తన చదువు పోవడం ఏం న్యాయం? రాత్రికల్లా నలభై ప్రశ్నలు రాసి పెట్టుకున్నాను. నిమిషానికొకటి.

మునక 8
లోతు: 33 మీటర్లు. నిమిషాలు: 16. మాటలు: 140.

రాయాలని లేదు. అయినా రాస్తాను.

ప్రశ్నల పలక మణికట్టుకు కట్టుకుని దిగాను. మీ ఇంట్లో ఎంతమంది? మీ నాన్న ఏం చేస్తాడు? నీకు ఈత ఎవరు నేర్పారు? నూకరత్నం దేనికైనా నిమిషానికి తక్కువ కాకుండా చెబుతుంది. పది నిమిషాలు దాటినప్పుడు నాకు గంతెయ్యాలనిపించింది. పలక చూసుకోవడం, నిమిషాలు లెక్కపెట్టుకోవడం, ఈ హడావుడిలోనే ఉన్నాను.

ఈత నేర్పింది వాళ్ల తాతట. ఆయన గురించి చెబుతూ ఉంది. చివరి రోజుల్లో మంచం మీద పడుకునే చేతులు ఆడిస్తూ, "బేగి రాయే, నీరు తేటగా ఉన్నాది" అని పిలిచేవాడట. "నాను పక్కనే ఉన్నాను, అయినా పిలుస్తానే ఉన్నాడు. అలగే పోనాడు," అంది.

నేను పలక చూశాను. పదిహేనోది. "నీకు ఇష్టమైన కూర ఏది?"

అటుపక్క గొంతు ఆగిపోయింది. పాచి గీకే చప్పుడు కూడా ఆగిపోయింది. ముప్పై అయింది, పైకి లాగేశారు.

ముసుగు తీశాక ఆమె నా వంక చూడలేదు. "మేస్త్రీ, నా జత మార్సీండి. గోడతోటైనా దిగుతాను గానీ ఈ గుంటతోటి దిగలేను," అంది. నీ బరువుకు సరిపోయేది ఇంకెవరూ లేరన్నాడు మేస్త్రి.

సిగ్గుతో చచ్చిపోయాను. పలక సముద్రంలో పడేశాను.

మునక 10
లోతు: 32 మీటర్లు. నిమిషాలు: 9. మాటలు: సుమారు 90, ఆ తర్వాత డబ్బాలో చాలా.

తొమ్మిదో మునకలో ఇద్దరం పని గురించే మాట్లాడుకున్నాం. అయిదు నిమిషాల్లో పని మాటలు అయిపోయాయి. ఇక లాభం లేదని ఎల్లాజీని ఒక నవ్వుల కథ చెప్పమన్నాను. నేను అడిగినందుకే సంబరపడి మూడు చెప్పాడు. వాటిలో ఒకటి ఏరుకుని, అద్దం ముందు పన్నెండుసార్లు చెప్పుకున్నాను.

తొమ్మిదో నిమిషంలో మొదలుపెట్టాను. "ఒక పీత పెళ్లిచూపులకు వెళ్లిందట. పిల్ల నచ్చిందా అని అడిగితే..." ఇక్కడికి వచ్చేసరికి తర్వాత వచ్చే మాట తలచుకుని నాకే నవ్వొచ్చింది. ఆపుకోబోతే ఇంకా ఎక్కువైంది. కిచకిచమంటూనే ఒక్క గుక్కలో, "పిల్ల బాగుంది గానీ తిన్నగా నడుస్తోంది, మా ఇంట్లో ఎలా సర్దుకుంటుంది అందట!" అనేశాను.

పైన మేస్త్రి కేక చెవులు గింగుర్లెత్తేలా వినిపించింది. "మూగది నవ్వుతున్నాది! మత్తెక్కీసింది! లాగండ్రా!"

నాకేం కాలేదని చెబుతూనే ఉన్నాను. మత్తెక్కినవాళ్లందరూ అదే చెబుతారట. తీసుకెళ్లి, మత్తు దిగేదాకా ఉంచే గాలి డబ్బాలో పెట్టేశారు. అది ఒక మనిషి కాళ్లు చాపుకునేంత ఇనుప పీపా. ఒక గాజు కిటికీ, ఒక మైకు. రెండు గంటలు ఉండాలి. ఆ రెండు గంటలూ లోపలివాళ్లను పలకరిస్తూ ఉండాల్సింది జతగాళ్లే.

ఎల్లాజీ కిటికీ ముందుకు వచ్చి వేళ్లు చూపించి ఎన్ని అని అడిగాడు. మూడన్నాను. "నా కతని నువ్వే సంపీసినావు," అని పళ్లికిలించి వెళ్లాడు. తర్వాత నూకరత్నం వచ్చి స్టూలు వేసుకుని కూర్చుంది. ముఖం ముడుచుకునే ఉంది. కాసేపటికి పెదవి వణికింది. ఇంకాసేపటికి కిటికీకి తల ఆనించి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది.

"తిన్నగా నడుస్తోందట! ఆ కత నవ్వుల్దే. నువ్వు సెప్పింది మాత్రం దెయ్యం పట్టినట్టున్నాది."

నేనూ నవ్వాను. ఈసారి ఆలస్యం కాలేదు. నవ్వు తగ్గాక ఇంక దాచుకోవడం నా వల్ల కాలేదు.

"మీ తాత గురించి చెప్పేటప్పుడు నేను వినలేదు. తర్వాత ఏం అడగాలా అని వెతుక్కుంటున్నాను. ఎప్పుడూ అంతే. ఎదుటివాళ్లు నోరు తెరిస్తే చాలు, నా వంతు వచ్చేస్తోందని గుండె దడదడలాడుతుంది. ఆ దడలో వాళ్ల మాట సగం వినపడదు. నన్ను క్షమించు."

ఆమె స్టూలు కిటికీ దగ్గరకు లాక్కుంది.

"నీ వంతేటే? ఇదేటి, సదువుల పోటీయా? మా తాత కత సెప్పేటప్పుడు మాం ఊఁ కొట్టీవోళ్లం. ఊఁ కొట్టకపోతే కత ఆపీసీవోడు. సెప్పీవోడికి అది సాలు."

"చిన్నప్పుడు నాకు ఎవరూ కథలు చెప్పలేదు. ఊఁ కొట్టడం రాదు."

"ఓలమ్మ, అది రానోళ్లుంటారేటి!" అంది. అని, పీపా అవతలి నుంచి వాళ్ల తాత చెప్పిన సొరచేప కథ మొదలుపెట్టింది. నేను ఊఁ కొట్టాను. మొదట మరీ వెంటవెంటనే కొట్టానట, ఎక్కిళ్లు వచ్చినట్టుందట. తర్వాత కుదిరింది. ఊఁ కొట్టాలంటే వినాలి, వింటూ ఉంటే దడ ఎటుపోయిందో తెలియలేదు. రెండు గంటలయ్యాయని మేస్త్రి తలుపు తీస్తే, సొరచేప కడుపు కోసేదాకా ఉంటానన్నాను. డబ్బా అద్దెకివ్వడం లేదన్నాడు.

మునక 12
లోతు: 33 మీటర్లు. నిమిషాలు: 27. మాటలు: 380.

నిన్న మేస్త్రితో పెద్ద వాదం. ఊఁ అనేది మాట కాదట, మత్తులో ఉన్నవాడూ ఊఁ అంటాడట. "ఊఁ కొట్టు, ఎవులొద్దన్నారు? దాని ఎనకాల ఓ ముక్క తగిలించు. ఆ గుంట ఇప్పుడే అన్నదానికి అతుక్కునే ముక్క," అన్నాడు.

ఇది పలకలో రాసుకునే వీలు లేని పని. ఆమె వాళ్ల అత్త ఆవకాయ జాడీ దొంగిలించిందంటే, జాడీ ఎంత ఉందో అడగాలి. నడుం ఎత్తు ఉందంటే, మరి చీరలో ఎలా దాచింది అనాలి. అడగాలని కాదు, నాకు నిజంగానే అనుమానం వచ్చింది. ఇరవై ఏడో నిమిషంలో ఆ అత్త సంగతికి ఇద్దరం నవ్వాం. మేస్త్రి జాగ్రత్త కొద్దీ లాగేశాడు గానీ, తిట్టలేదు.

నా తెప్ప గురించి చెప్పమని నూకరత్నం రెండుసార్లు అడిగింది. అక్కడ చెప్పడానికి ఏమీ లేదన్నాను.

మునక 14, పరీక్ష
లోతు: 33 మీటర్లు. నిమిషాలు: 40. మాటలు: మేస్త్రి లెక్క మరిచిపోయాడట.

మొదటి ఇరవై నిమిషాలూ నూకరత్నమే మోసింది. నేను ఊఁ కొట్టి ముక్కలు తగిలిస్తూ వచ్చాను. ఇరవై రెండో నిమిషం దగ్గర పడుతుంటే ఆమె మాటలు పలచబడ్డాయి. ఒక వాక్యం మధ్యలో వదిలేసింది. ఇంకోటి మొదలుపెట్టి వదిలేసింది. తర్వాత ఊపిరి చప్పుడొక్కటే.

నిరుడు పరీక్ష ఆగిపోయిన చోటు అదే అని నాకు తెలుసు.

"నూకరత్నం, భయమేస్తోందా?"

"ఊఁ."

ఊఁ లెక్కలోకి రాదు. పైన మేస్త్రి లెక్కపెడుతూ ఉంటాడు. అడగడానికి నా దగ్గర ప్రశ్న లేదు. భయపడుతున్న మనిషిని ప్రశ్నలు అడగాలనీ అనిపించలేదు. నోటికి వచ్చింది మొదలుపెట్టాను.

"మా తెప్ప మీద ఒక బూర ఉండేది. మనిషి పట్టేంత పెద్దది. పొగమంచు పట్టే నెలంతా గంటకోసారి మోగాలి, లేకపోతే పడవలు వచ్చి గుద్దుకుంటాయి. నాకు తొమ్మిదేళ్లప్పుడు, మంచు పట్టకముందే ఒక సముద్రపు కాకి ఆ బూర నోట్లో గూడు కట్టి గుడ్లు పెట్టేసింది."

ఇరవై లెక్కపెట్టేంత ఊపిరి చప్పుడు. తర్వాత సన్నగా, "బూర మోగితే మరి గుడ్లు?"

"పగిలిపోతాయి. గూడు కదిలిస్తే తల్లి వదిలేసి పోతుంది. నాన్న ఆ గూడు చూశాడు. బూర తీగ పీకేశాడు."

"మరి పడవలేటవుతాయి?"

"లోపలికి వెళ్లి ఇద్దరం అన్నం తినే ఇనుప పళ్లెం తెచ్చాడు. కడ్డీ పుచ్చుకుని కొట్టడం మొదలుపెట్టాడు. గంటకోసారి, వంద దెబ్బలు. పగలూ రాత్రీ."

"ఎన్నాళ్లు కొట్టాడే?" అంది నూకరత్నం. గొంతు వెనక్కి వచ్చేసింది. పాచి గీకే చప్పుడు కూడా.

చెబుతూ పోయాను. నాన్న చేతులు వాచిపోతే నేను కొట్టడం, నిద్రలో కూడా నా చెయ్యి ఊగడం, పళ్లెం లేక అన్నం గిన్నెలోంచే తినడం, ఒక పడవవాళ్లు పెళ్లి జరుగుతోందనుకుని చూడ్డానికి రావడం. ఆమె అడుగుతూనే ఉంది, నాకు గుర్తొస్తూనే ఉంది. ఇదంతా నాలో ఎక్కడ ఉండిపోయిందో తెలియదు. ఎవరైనా అడిగితే కదా!

"ఇరవై ఏడో రోజు పొద్దున నాన్న నన్ను లేపి బూర దగ్గరికి తీసుకెళ్లాడు," అన్నాను. అప్పుడే తాడు మూడుసార్లు కదిలింది. నలభై అయిపోయింది. పైకి వచ్చేటప్పుడు మాట్లాడకూడదు, ధ్యాసంతా ఊపిరి మీదే ఉండాలి. ఆ కాసేపూ నూకరత్నం ముసుగులోంచి నన్ను మింగేసేలా చూస్తూ ఉంది.

పైన ముసుగు తీసేసరికి తరగతి మొత్తం చుట్టూ ఉంది. మేస్త్రి మైకులో వింటుంటే ఒక్కొక్కరే వచ్చి చేరారట. ఎవరూ మెచ్చుకోలేదు. పాసయ్యామని కూడా ఎవరూ చెప్పలేదు.

"గుడ్లేటయ్యాయి?" అన్నాడు ఎల్లాజీ.

పదమూడుమంది నా నోటివంక చూస్తున్నారు. గుండె దడదడలాడింది. అయినా చెప్పాలనే ఉంది.

"మూడిట్లో రెండు పిల్లలయ్యాయి. మూడోది మురిగిపోయిందని ఇద్దరికీ తెలుసు. పిల్లలు పుట్టాక ఇక గూడు పక్కకు జరపొచ్చు, తల్లి వదిలిపోదు. అయినా నాన్న ఇంకో మూడు రోజులు పళ్లెం కొట్టాడు. ఎందుకు నాన్నా అని అడిగితే, 'ఒకవేళ' అన్నాడు. ఆ నెల మొత్తంలో నాతో అన్న మాట అదొక్కటే."

నూకరత్నం తడి చేతులతోనే నా మెడ పట్టుకుని బావురుమంది. గుడ్డుకో, పరీక్షకో, వాళ్ల తాతకో, నేను అడగలేదు. నాకూ ఏడుపొచ్చింది, హాయిగా ఉంది. మేస్త్రి మా ఇద్దరి పుస్తకాల్లోనూ ముద్ర వేసి, తలపాగా కొసతో ముఖం తుడుచుకుని, ఎండ ఎక్కువైందన్నాడు.

ఎల్లాజీ ముక్కు ఎగబీల్చాడు. "మా యమ్మా ఇలాంటిదే. ఓ పాలి గొర్రెపిల్ల కోసం నడిసంద్రంలో పడవాపించీసింది."

అందరూ ఆ కథ ముందే విన్నట్టున్నారు, ఒక్కసారిగా మూలిగారు. ఇద్దరు లేచి వెళ్లబోయారు కూడా. నేను వినలేదు. తడి బట్టలతోనే అతని పక్కన చతికిలబడ్డాను.

"ఆగు, గొర్రెపిల్ల పడవలోకి ఎలా వచ్చింది?" అన్నాను.